చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? స్కానర్ కొనాలా, షెడ్డుకెళ్ళాలా, షోరూమ్‌కా: వైజాగ్‌లో కారున్నవాళ్ళకు నా సలహా

పొద్దున్నే మధురవాడ నుంచి ఆఫీసుకు బయల్దేరి హనుమంతవాక దాటేలోపు డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో వెలిగిందంటే ఆ రోజంతా మనసు దాని మీదే ఉంటుంది. కారేమో మామూలుగానే నడుస్తుంది. శబ్దంలో తేడా లేదు, పికప్ తగ్గలేదు. ఆఫీసులో ఒకరు "ఐదారొందలు పెట్టి, కారు కంప్యూటర్‌లోని లోపం ఫోన్‌లో చూపించే బ్లూటూత్ స్కానర్ తెప్పించుకో" అంటారు, ఇంకొకరు "మా షెడ్డు అబ్బాయి రెండు నిమిషాల్లో తీసేస్తాడు" అంటారు, ఇంట్లో మాత్రం "షోరూమ్‌కే తీసుకెళ్ళండి, రిస్క్ ఎందుకు" అంటారు. ముగ్గురి మాటా ఒక్కో సందర్భంలో సరైనదే. ఏ సందర్భంలో ఎవరి మాట వినాలో తెలియకపోతే డబ్బు పోతుంది. నాకు పోయింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు లైటు ఎలా వెలిగిందో చూడండి

ఎక్కడికెళ్ళాలో ఆలోచించే ముందు ఒక్క సంగతి. లైటు స్థిరంగా వెలుగుతోందా, ఆరుతూ వెలుగుతోందా? ఆరుతూ వెలుగుతుంటే ఇంజిన్ గట్టిగా మిస్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్లో పెట్రోలు సరిగా మండట్లేదని అర్థం. సిలిండర్లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగలోని విష వాయువులను తగ్గించే భాగం) వెళ్ళి అక్కడ మండుతుంది, లోపలి జల్లెడ లాంటి భాగం కరిగిపోయే దాకా వస్తుంది. కారులో బాగా ఖరీదైన భాగాల్లో అదొకటి. కాబట్టి పక్కకు ఆపేయండి, టో చేయించండి. "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అని లాగించొద్దు.

ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మో, టెంపరేచర్ గుర్తో వెలిగితే అది వేరే విషయం. స్కానర్ గురించి ఆలోచించే పనే లేదు, వెంటనే ఇంజిన్ ఆపేయాలి.

స్థిరంగా పసుపు లైటు ఉండి బండి మామూలుగా నడుస్తుంటే సాధారణంగా మీకు కొన్ని రోజుల టైం ఉంటుంది. ఆ టైంలో తొందరపడకుండా ఎంచుకోవడానికే ఈ కింది మాటలన్నీ.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసింది, కోడ్ చదవడం ఒక పని, జబ్బు కనిపెట్టడం ఇంకో పని. కోడ్ అంటే కారులోని కంప్యూటర్ "నాకు ఫలానా రీడింగ్ తేడాగా వస్తోంది" అని రాసుకున్న ఫిర్యాదు. ఆ తేడా ఎందుకొచ్చిందో దానికి తెలియదు. పి0171 అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది అని. దానికి కారణం పగిలిన గాలి పైపు కావచ్చు, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సార్ కావచ్చు, నీరసించిన పెట్రోలు పంపు కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు. కోడ్ చూడగానే పార్టు పేరు చెప్పేసేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

నా అనుభవం చెబుతాను. నాది ఏడేళ్ళ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. మేం లాసన్స్ బే కాలనీలో ఉన్నప్పుడు కారు ఆరుబయటే ఉండేది. ఒకరోజు లైటు వెలిగింది, కోడ్ పి0135. ముందున్న ఆక్సిజన్ సెన్సార్‌లోని (పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచేది) హీటర్ సర్క్యూట్‌లో లోపం అని దానర్థం. నేను వెళ్ళిన వర్క్‌షాప్‌లో ఐదు నిమిషాల్లో "సెన్సార్ పోయింది సార్" అన్నారు, లేబర్‌తో కలిపి 4,800 రూపాయలు తీసుకుని కొత్తది వేశారు. తొమ్మిది రోజులకు అదే లైటు, అదే కోడ్. ఈసారి తెలిసినవాళ్ళు చెబితే మర్రిపాలెంలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళాను. ఆయన స్కానర్ కూడా తీయలేదు. కనెక్టర్ ఊడదీసి, టెస్ట్ ల్యాంప్ పెట్టి చూసి, "సెన్సార్‌ది తప్పేటుంది బాబూ, దానికి కరెంటే రావట్లేదు" అన్నాడు. కనెక్టర్ లోపలి పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది, సముద్రపు గాలి పని. పిన్ను మార్చి, శుభ్రం చేసి, గ్రీజు పెట్టాడు. 350 రూపాయలు. నేను ఇంటికి తెచ్చుకున్న పాత సెన్సార్‌కు మల్టీమీటర్ పెట్టి చూస్తే హీటర్ కొన్ని ఓంలు చూపించింది, అంటే అది బాగానే ఉంది.

అప్పటి నుంచి నేను ఎక్కడికెళ్ళాలన్నా ఈ ప్రశ్నలు వేసుకుంటున్నాను. అక్కడ కోడ్ చదివాక టెస్ట్ చేస్తారా, లేక నేరుగా పార్టు మారుస్తారా? పార్టు మార్చినా లైటు మళ్ళీ వస్తే ఆ ఖర్చు ఎవరిది? నా కారు వారంటీలో ఉందా? ఈ కోడ్‌కు కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలా, మామూలు స్కానర్ చాలా? బండి లేకుండా నేను ఎన్ని రోజులు ఉండగలను? ఖర్చు సంగతి వీటి తర్వాతే. ఎందుకంటే స్కానింగ్‌కు అయ్యేది చిన్న మొత్తం, తప్పు పార్టుకు అయ్యేదే పెద్ద మొత్తం.

ఒక్క చూపులో

ఈ ధరలు నేను కట్టినవీ, నా చుట్టుపక్కలవాళ్ళు కట్టినవీ. మీ కారును బట్టి అటూ ఇటూ అవుతాయి.

| దారి | సుమారు ఖర్చు | దేనికి బాగుంటుంది | ఎక్కడ సరిపోదు |
|---|---|---|---|
| బ్లూటూత్ స్కానర్, ఫోన్ యాప్ | 500 నుంచి 4,000 (ఒక్కసారే) | కోడ్, లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా వచ్చే రీడింగ్‌లు) మీరే చూసుకోవడానికి | ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, కంపెనీ సొంత కోడ్లు |
| చేతి స్కానర్ | 1,500 నుంచి 5,000, ఇంకా పైన | ఇంట్లో రెండు మూడు బండ్లున్నవాళ్ళకు | చవక రకంలో లైవ్ డేటా తక్కువ |
| తెలిసిన షెడ్డు మెకానిక్ | స్కాన్‌కు 300 నుంచి 500 | ప్లగ్గులు, కాయిళ్ళు (ప్లగ్గులకు కరెంటు పంపేవి), గాలి పైపులు | కొత్త బీఎస్6 (2020 నాటి పొగ నిబంధనల) డీజిళ్ళు |
| ఆటో ఎలక్ట్రీషియన్ | 200 నుంచి 800 | వైరింగ్, కనెక్టర్, ఎర్త్, బ్యాటరీ | ఇంజిన్ లోపలి పనులు |
| మల్టీబ్రాండ్ వర్క్‌షాప్ | స్కాన్‌కు 500 నుంచి 1,000 | వారంటీ దాటిన కార్లు | ఎవరు చూస్తారన్న దాన్ని బట్టి |
| కంపెనీ షోరూమ్ సర్వీస్ | స్కాన్‌కు 500 నుంచి 1,500 | వారంటీ, సాఫ్ట్‌వేర్ పనులు, డీపీఎఫ్ (డీజిల్ మసి ఫిల్టర్) | పాత కార్లకు బిల్లు ఎక్కువ |

బ్లూటూత్ స్కానర్: మందు కాదు, కానీ చేతిలో ఉండాలి

స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర పదహారు పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది. అదే ఓబీడీ పోర్టు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 కార్లన్నిటికీ ఉంటుంది, 2013 తర్వాతి చాలా కార్లకూ ఉంటుంది. అంతకంటే పాత బండి అయితే కొనే ముందు స్నేహితుల దగ్గరున్నది ఒకసారి గుచ్చి చూసుకోండి.

మార్కెట్లో ఈఎల్‌ఎం327 పేరుతో దొరికే చవక రకాల్లో చాలావరకు నకిలీ చిప్పులే. కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని సగం ఆదేశాలకు జవాబివ్వవు. వీలైతే రెండు వేలకు పైన ఉన్న మంచిది తీసుకోండి. ఐఫోన్ ఉన్నవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పాతరకం బ్లూటూత్ స్కానర్లు ఐఫోన్‌కు కలవవు, వైఫై రకమో బ్లూటూత్ ఎల్ఈ రకమో అడిగి కొనాలి. యాప్‌లలో టార్క్ ఆండ్రాయిడ్‌కే ఉంది, కార్ స్కానర్ రెండిటికీ ఉంది.

ఇది మరమ్మతు చేయదు. కానీ మీరు షెడ్డుకు వెళ్ళే ముందే మీ చేతిలో కోడ్ ఉంటుంది, దాంతో మాట్లాడే తీరే మారిపోతుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ముందుగా మూడు చూడండి. స్టోర్ అయిన కోడ్లు, పెండింగ్ కోడ్లు (ఇంకా లైటు వెలిగించే దాకా రానివి), ఫ్రీజ్ ఫ్రేమ్. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే లోపం కనిపించిన ఆ క్షణంలో స్పీడు ఎంత, ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న లెక్క. అది బంగారం లాంటి సమాచారం. చల్లటి ఇంజిన్‌తో పొద్దున్నే వచ్చిన లోపం వేరు, సింహాచలం కొండెక్కుతుంటే వచ్చిన లోపం వేరు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

క్లియర్ బటన్ మాత్రం నొక్కొద్దు. నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది, కంప్యూటర్ నేర్చుకున్న సర్దుబాట్లు పోతాయి, తర్వాత చూసే మెకానిక్‌కు ఆధారమే మిగలదు.

కోడ్‌లో మొదటి అక్షరం కూడా చాలా చెబుతుంది. పి అంటే ఇంజిన్, గేర్‌బాక్సు. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ వైపు. బి అంటే ఎయిర్‌బ్యాగ్ లాంటివి. యు అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్ల సంగతి. పి తర్వాత సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, ఒకటి ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్. సొంత కోడ్‌ను వేరే కారు అర్థంతో చదివితే తప్పుదారి పడతాం, కాబట్టి మీ కారు పేరు పెట్టి వెతకండి.

ఇక నేను అందరికీ చెప్పే చిట్కా ఒకటుంది. కోడ్ వివరణలో ఏ మాట ఉందో చూడండి. 'సర్క్యూట్', 'హై ఇన్‌పుట్', 'లో ఇన్‌పుట్' అని ఉంటే ముందుగా వైరు, కనెక్టర్, ఫ్యూజు, ఎర్త్ అనుమానించాలి, అంటే ఎలక్ట్రీషియన్ దగ్గరికి. 'లీన్', 'రిచ్', 'ఎఫిషియెన్సీ', 'ఫ్లో' అని ఉంటే గాలి, ఇంధనం, పొగ దారుల్లో ఎక్కడో తేడా ఉంది, అంటే మెకానిక్ దగ్గరికి. ఇది నూటికి నూరుపాళ్ళు పనిచేసే సూత్రం కాదు, అయినా మొదటి అడుగు ఎటు వేయాలో చెబుతుంది. ఉదాహరణకు పి0118 వచ్చి, మే నెల ఎండలో యాప్‌లో కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలు అని కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు. సెన్సార్ లోపలో, దానికి వెళ్ళే వైరులోనో ఎక్కడో దారి తెగింది. కనెక్టర్ ఊడిందో, ఎలుక కొరికిందో చూడాలి.

పని అయిపోయాక స్కానర్ తీసేయండి. ఆ సాకెట్‌కు కారు ఆపినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, వారం రోజులు వాడకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోవచ్చు.

చేతి స్కానర్

ఫోన్, జత చేయడం, యాప్ ఇవేమీ వద్దనుకునేవాళ్ళకు ఇది నయం. గుచ్చగానే కోడ్ చూపిస్తుంది. నాన్నగారు నడిపే బండి, డ్రైవర్ నడిపే బండి, మూడు నాలుగు క్యాబులు తిప్పేవాళ్ళ బండ్లు అయితే దీన్నే తీసుకోమంటాను. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కూడా చదివే రకం కావాలంటే ధర పెరుగుతుంది, ఒక్క కారు ఉన్నవాళ్ళకు అంత అవసరం రాదు.

షెడ్డు మెకానిక్, ఆటో ఎలక్ట్రీషియన్

ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడమే మనం చేసే పొరపాటు. ఇద్దరి పనీ వేరు.

మీ బండిని అయిదేళ్ళుగా చూస్తున్న మెకానిక్‌కు దాని శబ్దం తెలుసు. ప్లగ్గులు ఎప్పుడు మార్చాడో గుర్తుంటుంది. పి0301 వస్తే, అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతుంటే, మంచి మెకానిక్ కొత్త కాయిల్ తెమ్మనడు. ఒకటో సిలిండర్ కాయిల్ తీసి రెండో దానికి పెడతాడు, రెండోది ఒకటో దానికి. కోడ్ రాసుకుని, క్లియర్ చేసి, నాలుగు రౌండ్లు తిప్పి చూస్తాడు. ఇప్పుడు పి0302 వస్తే కాయిల్‌దే తప్పు. పి0301 అలాగే ఉంటే ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. మీ మెకానిక్ ఈ పరీక్ష చేస్తున్నాడంటే అతన్ని వదులుకోకండి. వాటర్ సర్వీసింగ్ చేయించిన మర్నాడే మిస్ అవుతోందంటే మాత్రం ముందు ప్లగ్గుల గుంటల్లో నీళ్ళు నిలిచాయేమో చూడమనండి.

భయపడవలసింది "లైటు తీసేశాను, ఇక ఏం కాదు" అని పంపించేసే అలవాటుకు. మా బావగారిది గాజువాక, డీజిల్ ఎస్‌యూవీ, ఇంటి నుంచి ఫ్యాక్టరీకి నాలుగు కిలోమీటర్లు, అంతకు మించి బండి ఎక్కడికీ కదలదు. పి2463 వచ్చింది. డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి ఎక్కువైందని. షెడ్డులో రెండు నెలల్లో మూడుసార్లు కోడ్ క్లియర్ చేశారు. కోడ్ పోయింది కానీ మసి ఎక్కడికి పోతుంది? చివరికి బండి స్పీడందుకోవడం మానేసింది. షోరూమ్‌కు తీసుకెళితే వాళ్ళ సాఫ్ట్‌వేర్‌తో మసిని బలవంతంగా కాల్చి, ఇంజిన్ ఆయిల్ కూడా మార్చారు. ఎందుకంటే మసి కాల్చడానికి పదేపదే చిమ్మిన అదనపు డీజిల్ కొంత ఆయిల్లో కలిసిపోతుంది. డీపీఎఫ్ లైటు మొదటిసారి వెలిగినప్పుడే ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి బైపాస్ మీద ఆగకుండా ఓ ఇరవై ముప్పై నిమిషాలు మంచి స్పీడులో నడిపి ఉంటే ఆ ఫిల్టర్ వేడెక్కి తన మసిని తానే కాల్చుకునే అవకాశం ఉండేది. మీ మాన్యువల్‌లో ఎంత స్పీడు, ఎంతసేపు అన్నది రాసి ఉంటుంది, చూడండి.

ఇక ఎలక్ట్రీషియన్. వైజాగ్‌లో ఈయన విలువ ఇంకా ఎక్కువని నా నమ్మకం. రుషికొండ, లాసన్స్ బే, పెదవాల్తేరు లాంటి బీచ్ దగ్గరి ప్రాంతాల్లో బయట పెట్టే కార్లకు కనెక్టర్లలో, ఎర్త్ పాయింట్లలో చిలుము పడుతుంది. వానాకాలం రాత్రిళ్ళు ఇంజిన్ వెచ్చదనానికి ఎలుకలు చేరి వైర్లు కొరుకుతాయి. ఇవి స్కానర్‌లో 'సెన్సార్' కోడ్లుగానే కనబడతాయి. పి0562 వచ్చిందంటే వోల్టేజి తక్కువ అని, అంటే బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ చూడాలి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య రావాలి. ఒకేసారి సంబంధం లేని ఐదారు కోడ్లు, వాటిలో యు కోడ్లు కూడా ఉంటే ఐదారు పార్టులు పోయాయని కంగారుపడకండి. ముందు బ్యాటరీ, ఎర్త్ చూపించండి. ఆటోనగర్ వైపు వెళ్ళేవాళ్ళయితే మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్ చేతిలో ఉన్నవాళ్ళను వెతుక్కోండి.

మల్టీబ్రాండ్ వర్క్‌షాప్

మంచి స్కానర్లుంటాయి, చాలా కంపెనీల సొంత కోడ్లు కూడా చదువుతాయి, ధర షోరూమ్ కంటే తక్కువ. వారంటీ దాటిన కారుకు నేను మొదట చూసేది ఇలాంటి చోటే. కానీ నన్ను తప్పుదారి పట్టించిందీ ఇలాంటి చోటే. మిషన్ మంచిదైనా దాని ముందున్న మనిషి టెస్ట్ చేయకపోతే ఫలితం లేదు. కాబట్టి రిసెప్షన్‌లో మాట్లాడి తాళాలిచ్చి వచ్చేయకుండా, కారు చూసే టెక్నీషియన్‌తో రెండు నిమిషాలు మాట్లాడనిస్తారా అని అడగండి. మాట్లాడనివ్వకపోతే ఇంకో చోటు చూడండి.

పి0420 అన్న కోడ్ దగ్గర మరీ జాగ్రత్త. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదని దానర్థం. "మార్చాలి సార్" అంటే వేలకు వేలు. దాన్ని ఒప్పుకునే ముందు సైలెన్సర్ దారిలో లీకు ఉందా, ఈ మధ్య ఇంజిన్ మిస్ అయిందా, వెనక ఆక్సిజన్ సెన్సార్ రీడింగ్ నిలకడగా ఉందా, ఊగుతోందా అని చూశారా అని అడగండి. కన్వర్టర్ పాడవడం చాలాసార్లు ఇంకో జబ్బు ఫలితం. ఆ జబ్బు మిగిలితే కొత్తది కూడా పోతుంది.

షోరూమ్ సర్వీస్ సెంటర్

వారంటీ ఉందా? నేరుగా ఇక్కడికే. బయట వైర్లు కోయించొద్దు, పార్టు మార్పించొద్దు, కోడ్ క్లియర్ చేయించొద్దు. మీ సొంత స్కానర్‌తో కోడ్ చదివి ఫొటో తీసుకోవడం వరకు ఫర్వాలేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు, బీఎస్6 డీజిల్ పొగ వ్యవస్థ, ఆటోమేటిక్ గేర్‌బాక్సు, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, కొత్త తాళం ప్రోగ్రామింగ్, వీటికి వారంటీ లేకపోయినా ఇక్కడికే వెళ్ళమంటాను.

పాత కార్లకు ఇబ్బంది ఏమిటంటే ఇక్కడ చిన్న పిన్ను మార్చడం కంటే మొత్తం వైరింగ్ సెట్టు మార్చడానికే మొగ్గు చూపుతారు. మూడొందల పని వేలల్లోకి వెళుతుంది. ఎస్టిమేట్ రాయించుకోండి, ఒప్పుకోవాలన్న బలవంతం లేదు, స్కాన్ డబ్బు కట్టి రిపోర్టు తీసుకుని బయటికి రావచ్చు. ఆ రిపోర్టుతో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు.

పి0171 వస్తే ఇంట్లోనే చేసుకోగల పరీక్ష

దీన్ని విడిగా రాస్తున్నాను, ఎందుకంటే బ్లూటూత్ స్కానర్ డబ్బు ఒక్కసారిలో తిరిగొచ్చేది ఇక్కడే. యాప్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలుంటాయి. పెట్రోలు ఎంత కలపాలో కంప్యూటర్ చేసుకునే సర్దుబాటు అది. రెండూ కలిపి అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే మామూలే. ప్లస్ ఇరవై దాటిపోతుంటే ఇంజిన్ గాలి ఎక్కువై పెట్రోలు కోసం తంటాలు పడుతోందని. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఒకసారి చూడండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉండి రేస్ చేస్తే తగ్గిపోతే ఎక్కడో పైపు పగిలి గాలి లాగుతోంది. రేస్ చేసేకొద్దీ, లోడ్ పడేకొద్దీ పెరుగుతుంటే పెట్రోలు పంపు, ఫిల్టర్, ఎయిర్‌ఫ్లో సెన్సార్ వైపు చూడాలి. పోర్టు దుమ్ము పడే వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు తిరిగే బండ్లయితే ఎయిర్ ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి, అది సరిగా కూర్చోకపోతే దుమ్ము నేరుగా సెన్సార్ మీద పడుతుంది.

ఇథనాల్ కలిసిన పెట్రోలులో ఈ ట్రిమ్ కొంచెం ప్లస్ వైపు జరగడం సహజమే. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంజిన్ ఇంకొంచెం ఇంధనం కలుపుకుంటుంది. అందుకని నాలుగైదు శాతం చూసి టెన్షన్ పడొద్దు.

మీరు ఎవరైతే, ఎటు

కొత్త కారు, వారంటీ ఉంది: షోరూమ్. స్కానర్ కొనడం మీ ఇష్టం.

ఆరేళ్ళు దాటిన పెట్రోలు కారు, ఇంటి దగ్గర నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు: మంచి బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కోండి, కోడ్ వివరణ చూసి మెకానిక్కో ఎలక్ట్రీషియనో తేల్చుకోండి. నా లెక్కలో అన్నిటికంటే తక్కువ ఖర్చయ్యే దారి ఇదే.

క్యాబ్ నడిపేవాళ్ళకు ఒక రోజు బండి ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే. చేతి స్కానర్ బండిలోనే ఉంచుకోండి. లైటు రాగానే కోడ్ చూసి, ఆగాలా, సాయంత్రం దాకా నడపొచ్చా అన్నది మెకానిక్‌కు ఫోన్ చేసి అడగొచ్చు. పి0335 లాంటివి వస్తే మాత్రం ఆ రోజే చూపించండి. క్రాంక్‌షాఫ్ట్ సెన్సార్ పోతే బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, ఎన్ఏడీ జంక్షన్ మధ్యలో ఆగిందంటే మీకే కాదు, వెనక ఉన్నవాళ్ళందరికీ ఇబ్బంది.

వారాంతంలో అరకు వెళ్ళాలనుకుంటే, లైటు ఆక్సిజన్ సెన్సార్ హీటర్ లాంటి దాని గురించి అయి, బండి మామూలుగా లాగుతుంటే వెళ్ళి రావచ్చు, పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుంది అంతే. మిస్‌ఫైర్ కోడో, కూలెంట్ వేడికి సంబంధించిన కోడో ఉంటే ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కొద్దు. ట్రిప్ వాయిదా వేసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్ళు తప్పకుండా స్కానర్ తీసుకెళ్ళండి. కోడ్లు లేవని సంతోషపడే ముందు రెడీనెస్ మానిటర్లు, అంటే కారు కంప్యూటర్ తన పరీక్షలు పూర్తి చేసుకుందో లేదో చెప్పే గుర్తులు, చూడండి. అవి చాలావరకు 'నాట్ రెడీ' అని ఉంటే కోడ్లు ఈ మధ్యే క్లియర్ చేశారు, లేదా బ్యాటరీ ఊడదీశారు. రెండు మూడు రోజులు నడిపించి మళ్ళీ చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.

ఎక్కడికెళ్ళినా తాళాలిచ్చే ముందు

కోడ్ నంబరు జాబ్ కార్డు మీద రాయించండి. "ముందు టెస్ట్ చేసి, ఏం టెస్ట్ చేశారో చెప్పి, ఆ తర్వాతే పార్టు మార్చండి" అని మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. టెస్టింగ్‌కు డబ్బు అడిగితే ఇవ్వండి. అరగంట వైర్లు వెతికిన మనిషి కష్టానికి మనం డబ్బివ్వకపోతే అతనూ పార్టులు అమ్మడమే నేర్చుకుంటాడు. మార్చిన పాత పార్టు తిరిగి తీసుకోండి.

బండి తెచ్చాక నాలుగైదు రోజులు మామూలుగా తిప్పి, పెండింగ్ కోడ్లలో ఏమైనా చేరిందేమో చూడండి. లైటు వెలగకముందే అక్కడ కనిపిస్తుంది. బిల్లు వెనక కోడ్, తేదీ, కిలోమీటర్లు రాసి గ్లోవ్ బాక్సులో పెట్టండి. మా కారుకు రెండేళ్ళ తర్వాత పి0135 మళ్ళీ వచ్చింది. ఆ కాగితం తీసుకుని నేరుగా మర్రిపాలెం వెళ్ళాను. కనెక్టర్‌కు కరెంటు సరిగ్గా వస్తోంది, సెన్సార్‌కు మీటరు పెడితే ఏమీ చూపించలేదు, హీటర్ తెగిపోయింది. అప్పుడు కొత్త సెన్సార్ వేయించాను.